ఒలింపిక్స్‌కి ఎంపికైంది, మ్యాచ్‌లో ఎందుకు కనపడలేదు? రెండో గోల్‌కీపర్ కెరీర్ ఎట్లా నడుస్తుంది

క్లుప్తంగా

ఎతిమరపు రజని. తిరుపతి జిల్లా యర్రావారిపాలెం మండలం నుంచి పోయి ఇండియా విమెన్స్ హాకీ టీమ్‌లో గోల్‌కీపర్ అయిన అమ్మాయి. రియో, టోక్యో రెండు ఒలింపిక్స్‌కీ స్టాండ్‌బై కీపర్‌గా పేరు వచ్చింది, గోల్‌లో మాత్రం మెయిన్ కీపర్ సవిత నిలబడింది. ఇది సెలెక్షన్‌లో జరిగిన అన్యాయం కాదు, రజని ఆట తక్కువనీ కాదు. ఒలింపిక్స్‌లో టీమ్ సైజు, కీపర్ పని తీరు రెండూ కలిసి ఇట్లాంటి పరిస్థితి తెస్తాయి. ఆ లెక్క ఏందో, దానివల్ల ఒక ప్లేయర్‌కి వచ్చే పేరు, డబ్బు, ఆట అయిపోయినాక బతుకు ఎట్లా మారతాయో కింద వివరంగా.

డౌట్ ఎక్కడ మొదలవుతుంది

తలకోన జలపాతం ఉండే మండలమే యర్రావారిపాలెం. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా పోవాలి, ఒకపక్క శేషాచలం అడవి, ఒకపక్క మామిడి తోటలు. ఆ మండలంలో ఎనుములవారిపల్లి అనే చిన్న ఊరు రజనిది. నాన్న వడ్రంగి పని చేసేవాడు. 1990 జూన్ 9న పుట్టింది, గవర్నమెంట్ హైస్కూల్లో చదువుకునేటప్పుడే హాకీలోకి వచ్చింది. అప్పుడది చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినాక తిరుపతి జిల్లా అయింది, అందుకే పాత వార్తల్లో చిత్తూరు అమ్మాయి అనీ కొత్త వార్తల్లో తిరుపతి అమ్మాయి అనీ రెండు రకాలుగా కనపడుతుంది, మనిషి ఒకరే.

టోక్యో ఒలింపిక్స్ టైమ్‌లో ఇక్కడ చానా మంది పొద్దున్నే టీవీ ముందు కూర్చున్నారు. మన జిల్లా అమ్మాయి ఆడుతుందంట అని. మ్యాచ్ మీద మ్యాచ్ అయిపోయింది, ఆస్ట్రేలియా మీద 1-0తో గెలిచి చరిత్రలో మొదటిసారి ఒలింపిక్ సెమీఫైనల్‌కి పోయారు, అన్నింట్లోనూ గోల్‌లో కనపడింది సవితే. మరి రజని ఏది? పేపర్లో ఒలింపియన్ అని వేశారు కదా, ఆడకపోతే ఒలింపియన్ ఎట్లా అవుతుంది? ఈ ప్రశ్న ఇప్పటికీ రజని పేరు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా వస్తూనే ఉంది. కొందరు దీన్ని ఉత్తరాది దక్షిణాది గొడవగా కూడా మార్చేస్తున్నారు. అసలు సంగతి అంతకంటే చాలా మామూలు, కానీ దాన్ని అర్థం చేసుకోవాలంటే హాకీ టీమ్ లెక్క కొంచెం తెలియాలి.

16 సీట్లు, కీపర్‌కి ఒక్కటే

మామూలు ఇంటర్నేషనల్ టోర్నమెంట్లు, అంటే వరల్డ్ కప్, ఆసియా గేమ్స్, కామన్వెల్త్ గేమ్స్ లాంటి వాటికి టీమ్‌లో 18 మందిని తీసుకెళ్తూ వచ్చారు. అందులో ఇద్దరు కీపర్లు ఉంటారు, మిగతా 16 మంది ఫీల్డ్ ప్లేయర్లు. ఒలింపిక్స్‌లో మాత్రం మొత్తం అథ్లెట్ల సంఖ్యకి ఐఓసీ (ఇంటర్నేషనల్ ఒలింపిక్ కమిటీ) కోటా పెడుతుంది కాబట్టి హాకీ టీమ్‌కి 16 మందే. గ్రౌండ్‌లో 11 మంది ఆడేదానికి బెంచ్ మీద అయిదుగురే మిగులుతారు. ఇప్పటి హాకీ ఎంత ఫాస్ట్ అంటే ఫార్వర్డ్స్‌నీ మిడ్‌ఫీల్డర్లనీ నాలుగైదు నిమిషాలకోసారి మారుస్తూనే ఉంటారు, ఊపిరి అందాలి కదా. ఆ అయిదు సీట్లలో ఒకటి రెండో కీపర్‌కి ఇచ్చేస్తే, రొటేషన్‌కి నలుగురే, రెండు వారాల్లో ఏడెనిమిది మ్యాచ్‌లు, అదీ టోక్యో ఎండలో. అందుకే దాదాపు అన్ని దేశాలూ ఒలింపిక్స్‌కి ఒక్క కీపర్‌నే 16 మందిలో రాస్తాయి, రెండో కీపర్‌ని స్టాండ్‌బైగా పెట్టుకుంటాయి, మెయిన్ కీపర్‌కి దెబ్బ తగిలితే అప్పుడు పిలుస్తారు.

రియో 2016లో జరిగింది ఇదే. 1980 మాస్కో తర్వాత 36 ఏళ్లకి ఇండియా అమ్మాయిల టీమ్ ఒలింపిక్స్‌కి క్వాలిఫై అయింది, 16 మందిలో సవిత ఒక్కతే కీపర్, రజని పేరు స్టాండ్‌బైలో వచ్చింది. టోక్యోలో కోవిడ్ వల్ల ఐఓసీ కొంచెం సడలింపు ఇచ్చి అదనంగా ఇద్దరు ఫీల్డ్ ప్లేయర్లని కలుపుకోనిచ్చింది, ఆ లిస్టుతోపాటే రజని స్టాండ్‌బై కీపర్‌గా ఉంది. అదనపు ప్లేయర్లకి మ్యాచ్ ఆడే చాన్స్ దొరికినా స్టాండ్‌బై కీపర్‌కి ఆ చాన్స్ రావాలంటే మెయిన్ కీపర్ పక్కకి తప్పుకోవాల్సి రావాలి. సవిత తప్పుకోలేదు.

ఇది అమ్మాయిల టీమ్‌కే పరిమితం కాదు. మగవాళ్ల టీమ్‌లో కృషన్ పాఠక్‌ది అచ్చం ఇదే కథ. మెయిన్ కీపర్ శ్రీజేశ్ వెనక ఏళ్లకేళ్లు రెండో కీపర్‌గా ఉన్నాడు, టోక్యోకీ పారిస్‌కీ స్టాండ్‌బైయే, రెండుసార్లూ ఇండియాకి బ్రాంజ్ వచ్చింది, పారిస్‌లో టీమ్ పోడియం ఎక్కినప్పుడు అతను ఆ వరసలో లేడు. అక్కడ కేరళ శ్రీజేశ్ ముందుండటంతో పంజాబ్ పాఠక్ ఆగిపోయాడు, ఇక్కడ హర్యానా సవిత ముందుండటంతో ఆంధ్రా రజని ఆగింది. ప్రాంతం గొడవ అనేవాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

పోస్టుల మధ్య అర సెకను

ఫార్వర్డ్‌కి గోల్ మిస్ అయితే ఇంకో పది నిమిషాల్లో ఇంకో చాన్స్. కీపర్‌కి అట్లా ఉండదు. ఆ పని ఏందో దగ్గర్నుంచి చూస్తేనే కోచ్‌లు కీపర్‌ని ఎందుకు ఊరికే మార్చరో తెలుస్తుంది.

గోల్ వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. బంతి 156 నుంచి 163 గ్రాములు, క్రికెట్ బాల్ బరువే, కానీ గట్టి ప్లాస్టిక్. పెనాల్టీ కార్నర్ వచ్చిందంటే కీపర్‌తో కలిపి అయిదుగురే డిఫెండ్ చేయాలి, మిగతా వాళ్లంతా సెంటర్ లైన్ దాకా వెనక్కి పోవాలి. బ్యాక్‌లైన్ నుంచి బంతి తోస్తారు, గోల్ ముందు గీసిన అర్ధచక్రం లాంటి సర్కిల్ అంచున ఒకరు ఆపుతారు, ఇంకొకరు డ్రాగ్ ఫ్లిక్ కొడతారు, అంటే బంతిని స్టిక్‌తో లాగి విసిరినట్టు గోల్‌లోకి పంపుతారు. సర్కిల్ గీత గోల్ నుంచి 14.63 మీటర్లు. మంచి ఫ్లిక్కర్ చేతిలో బంతి గంటకి 100 కిలోమీటర్లు దాటి వస్తుంది. లెక్క వేస్తే కీపర్‌కి దొరికేది అర సెకను. ఆ అర సెకనులో కుడికా ఎడమకా, కిందికా పైకా, కాలితోనా చేతితోనా అన్నీ తేలిపోవాలి. పైగా ఫ్లిక్కర్ మీదికి పరిగెత్తే తన టీమ్ డిఫెండర్ (రషర్) ఒక్కోసారి కళ్లకి అడ్డం పడతాడు లేదా పడుతుంది, బంతి ఫ్లిక్కర్ స్టిక్ వదిలినాక గానీ కనపడదు. హిట్ కొడితే బంతి గోల్ అడుగున ఉండే బోర్డు ఎత్తు, అంటే 46 సెంటీమీటర్ల లోపు గోల్ గీత దాటాలని రూల్ ఉంది, ఫ్లిక్‌కి ఆ హద్దు లేదు, అందుకే ఫ్లిక్ అంటే కీపర్లకి అంత కష్టం.

ఒంటి మీద కాళ్లకి ప్యాడ్లు, పాదాలకి కిక్కర్లు, ఛాతీ గార్డు, మోచేతి గార్డులు, హెల్మెట్, ఎడమ చేతికి అడ్డంగా ఆపే గ్లోవ్, కుడి చేతికి స్టిక్ పట్టుకునే గ్లోవ్. ఇవన్నీ వేసుకుని కింద పడి మళ్లీ లేచే వరకు ఒక సెకను కూడా పట్టకూడదు, ఎందుకంటే కిక్కర్‌కి తగిలి పక్కకి పోయిన బంతిని రిబౌండ్‌లో కొట్టేదానికి ఇంకో ఫార్వర్డ్ కాచుకుని ఉంటది.

దీంతోపాటు ఇంకో పెద్ద సంగతి, కీపర్ మాట్లాడాలి. గ్రౌండ్ మొత్తం ఎదురుగా కనపడేది ఆ ఒక్కరికే. ఎవరిని మార్క్ చేయాలి, ఎవరు ఖాళీగా ఉన్నారు, ఏ డిఫెండర్ ఏ పోస్ట్ దగ్గర నిలబడాలి అని ఆగకుండా అరుస్తూనే ఉండాలి. ఈ మాటల మీద డిఫెన్స్‌కి ఒక అలవాటు ఏర్పడుతుంది, ఫలానా గొంతు ఫలానా విధంగా చెప్తే ఇటు జరగాలి అని. ఏళ్ల తరబడి కుదిరిన ఆ అలవాటుని నాకౌట్ మ్యాచ్ ముందు చెరిపేసే ధైర్యం ఏ కోచ్‌కీ ఉండదు. రూల్ ప్రకారం కీపర్‌ని ఎప్పుడైనా మార్చొచ్చు, పెనాల్టీ కార్నర్ ఇచ్చినాక అది ముగిసేదాకా తప్ప. రూల్ ఒప్పుకున్నా అవసరం రాదు. మిగతా పొజిషన్లలో అలసిపోతే మారుస్తారు, కీపర్ ఆ రకంగా అలసిపోయే పొజిషన్ కాదు, 60 నిమిషాలూ ఒకరే నిలబడగలరు. రెండో కీపర్‌కి దారి మూసుకుపోయేది అక్కడే.

ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు

మామూలుగా రెండో కీపర్ అంటే చిన్న వయసు అమ్మాయి, సీనియర్ రిటైరైతే చోటు తీసుకుంటుంది, ఇదే వరస. రజని విషయంలో ఆ వరస కుదరలేదు, కారణం చాలా సింపుల్. సవిత పుట్టింది 1990 జూలైలో. రజని పుట్టింది 1990 జూన్‌లో. ఒక్క నెల తేడా.

హాకీలో కీపర్లకి ఆట ఎక్కువ కాలం ఉంటుంది. ఫార్వర్డ్‌కి 30 దాటితే వేగం తగ్గిందా అని చూడటం మొదలవుతుంది, కీపర్‌కి అనుభవం పెరిగేకొద్దీ విలువ పెరుగుతుంది. శ్రీజేశ్ 36 ఏళ్ల వయసులో పారిస్ ఆడాడు. సవిత 2025లో 300 మ్యాచ్‌లు దాటింది, 2021, 2022, 2023 మూడేళ్లు వరసగా ప్రపంచంలో బెస్ట్ విమెన్స్ గోల్‌కీపర్ అవార్డు అందుకుంది. అంటే రజని ఎవరి వెనక నిలబడింది అంటే, ఆ కాలంలో ప్రపంచంలోనే నంబర్ వన్ అనిపించుకున్న కీపర్ వెనక. అదీ తనతోపాటే వయసు పెరిగే మనిషి వెనక. సవిత రిటైర్ అయ్యేదాకా ఆగితే రజని కూడా రిటైర్ అయ్యే వయసే అవుతుంది. ఇంకో దేశంలో, ఇంకో కాలంలో పుట్టి ఉంటే ఈ కెరీర్ వేరేగా ఉండేది అనే మాట ఇక్కడ ఊరికే అనేది కాదు.

అయినా టీమ్‌లో ఆ చోటు నిలబెట్టుకోవడమే ఒక పోటీ. 2017లో జపాన్‌లోని గిఫులో ఆసియా కప్ గెలిచిన టీమ్‌లో రజని ఉంది, ఫైనల్లో చైనా మీద 1-1 అయి షూటౌట్‌లో 5-4తో గెలిచారు. 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్, లండన్ వరల్డ్ కప్, జకార్తా ఆసియా గేమ్స్ మూడింట్లోనూ రెండో కీపర్ తనే, జకార్తాలో సిల్వర్ వచ్చింది. ఆ తర్వాత మణిపూర్ అమ్మాయి బిచ్చు దేవి ఖరీబమ్ ఎదిగొచ్చింది. 2022 జూలైలో జరిగిన వరల్డ్ కప్‌కి సవితతోపాటు బిచ్చు దేవిని తీసుకున్నారు, అదే నెలాఖర్లో మొదలైన బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌కి మాత్రం రజనిని తీసుకున్నారు. 32 ఏళ్ల వయసులో, కొత్త అమ్మాయి వచ్చినాక, మళ్లీ చోటు సంపాదించుకోవడం. అక్కడ న్యూజీలాండ్‌తో బ్రాంజ్ మ్యాచ్ ఆఖరి సెకన్లలో గోల్ పడి 1-1 అయింది, షూటౌట్‌లో సవిత ఆపి 2-1తో గెలిపించింది. 16 ఏళ్ల తర్వాత కామన్వెల్త్‌లో మెడల్. 18 మంది టీమ్ కాబట్టి ఆ బ్రాంజ్‌లో రెండో కీపర్‌కి పూర్తి వాటా ఉంది. ఒలింపిక్స్‌కీ మిగతా టోర్నమెంట్లకీ మధ్య ఉన్న తేడా ఇక్కడ బాగా తెలుస్తుంది, అదే మనిషి, అదే పని, టీమ్ సైజు 18 అయితే మెడల్ ఉంటది, 16 అయితే స్టాండ్‌బై.

టీవీలో కనపడని పని

రెండో కీపర్ క్యాంపులో ఏం చేస్తుంది అనేది ఎవరూ అడగరు. గుర్జీత్ కౌర్ ఆస్ట్రేలియా మీద టోక్యోలో కొట్టిన డ్రాగ్ ఫ్లిక్ అందరికీ గుర్తుంది. అట్లాంటి ఫ్లిక్ రోజుకి పదుల సార్లు ప్రాక్టీస్ చేయాలి, ఖాళీ గోల్‌లోకి కొడితే ప్రాక్టీస్ కాదు, ఎవరో ఒకరు పోస్టుల మధ్య నిలబడాలి, అదీ ఇంటర్నేషనల్ స్థాయి కీపర్ అయ్యుండాలి. బెంగళూరు సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్‌లో నెలల తరబడి సాగే నేషనల్ క్యాంపుల్లో ఆ దెబ్బలన్నీ కాచుకునేది కీపర్లే. షూటౌట్ ప్రాక్టీస్ కూడా అంతే, 23 మీటర్ల గీత నుంచి 8 సెకన్లలో గోల్ కొట్టాలి, ఫార్వర్డ్‌కి తన ట్రిక్ పనిచేస్తుందో లేదో చెప్పేది ఎదురుగా ఉన్న కీపర్ ఆటే.

ఇక మెయిన్ కీపర్‌కి పోటీ ఇవ్వడం. వెనక గట్టి మనిషి లేకపోతే ముందున్నవాళ్లు మెత్తబడతారు, ఏ ఆటలోనైనా అంతే. సవిత అంత కాలం ఆ స్థాయిలో నిలబడటంలో రోజూ పక్క గోల్‌లో ప్రాక్టీస్ చేసిన రెండో కీపర్ పాత్ర తక్కువేం కాదు, కానీ దానికి స్కోర్‌బోర్డులో కాలమ్ లేదు.

ఈ మధ్య దేశాల టీమ్స్ ఆడే ప్రో లీగ్ లాంటి చోట్ల ఇండియా టీమ్స్ ఇద్దరు కీపర్లని క్వార్టర్ల వారీగా మార్చి ఆడించడం మొదలుపెట్టాయి, మొదటి క్వార్టర్ ఒకరు రెండో క్వార్టర్ ఇంకొకరు. శ్రీజేశ్, పాఠక్ అట్లా ఆడారు, సవిత, బిచ్చు దేవి కూడా. ఇది మంచి మార్పు. రెండో కీపర్‌కి మ్యాచ్ వేడి తగులుతుంది, మెయిన్ కీపర్ రిటైరైన రోజు టీమ్ తడబడకుండా ఉంటుంది. రజని కెరీర్ నడి వయసులో ఈ పద్ధతి ఇంతగా లేదు, అదే పదేళ్ల ముందు వచ్చి ఉంటే మ్యాచ్‌ల సంఖ్య వేరేగా ఉండేది.

ఫైవ్స్‌లో కెప్టెన్

పదకొండు మంది ఆటలో దొరకని చోటు అయిదుగురితో ఆడే హాకీ ఫైవ్స్‌లో దొరికింది. 2022 జూన్‌లో స్విట్జర్లాండ్ లోజాన్‌లో జరిగిన ఫైవ్స్ టోర్నమెంట్‌కి ఇండియా టీమ్ కెప్టెన్ రజనియే. 2024 జనవరిలో మస్కట్‌లో మొట్టమొదటి ఫైవ్స్ వరల్డ్ కప్ జరిగితే దానికీ కెప్టెన్ తనే. క్వార్టర్ ఫైనల్లో న్యూజీలాండ్‌ని 11-1, సెమీస్‌లో సౌతాఫ్రికాని 6-3 కొట్టి ఫైనల్ చేరారు, ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి సిల్వర్ తెచ్చారు. చిత్తూరు తిరుపతి వైపు నుంచి ఒక అమ్మాయి ఇండియా జెర్సీలో కెప్టెన్‌గా వరల్డ్ కప్ ఫైనల్ ఆడింది. ఇక్కడ దాని గురించి మాట్లాడుకున్నది చాలా తక్కువ.

ఫైవ్స్ స్కోర్లు చూసి కొందరు ఏడు గోల్స్ తిన్న కీపర్ ఏం కీపర్ అంటారు. ఆ ఆట లెక్కే వేరు. టీమ్‌కి కీపర్‌తో కలిపి అయిదుగురు, పది నిమిషాల హాఫ్‌లు రెండు, గ్రౌండ్ పెద్ద హాకీ గ్రౌండ్‌లో సగం కంటే చిన్నది, చుట్టూ బోర్డులు ఉంటాయి కాబట్టి బంతి బయటికి పోదు, ఆట ఆగదు. పెనాల్టీ కార్నర్లు ఉండవు. పెద్ద హాకీలో సర్కిల్ లోపల్నుంచి కొడితేనే గోల్, ఇక్కడ ఆ హద్దు లేదు, దూరం నుంచి కొట్టినా గోలే. కాబట్టి కీపర్‌కి నిమిషానికో షాట్ వస్తుంది, పైగా అటాక్‌లో కూడా పాస్ ఇచ్చే అయిదో మనిషిగా పనికిరావాలి. ఇట్లాంటి ఆటలో గ్రౌండ్ మొత్తం చూస్తూ మాట్లాడే కీపర్‌ని కెప్టెన్ చేయడం తెలివైన పని, ఏళ్ల తరబడి పక్కన కూర్చుని మ్యాచ్‌లు చదివిన మనిషికి ఆ చూపు ఉంటుంది.

ఇబ్బంది ఎక్కడంటే ఫైవ్స్ ఒలింపిక్స్‌లో లేదు, టీవీలో పెద్దగా రాదు. ప్రైజ్ మనీలూ ఉద్యోగాలూ అన్నీ పదకొండు మంది హాకీ మెడల్స్ చుట్టూ తిరుగుతాయి. కామన్వెల్త్ మెడల్ అనే దారి కూడా 2026 గ్లాస్గోలో మూసుకుపోయింది, ఖర్చు తగ్గించేదానికి అక్కడ హాకీనే తీసేశారు.

పల్లె నుంచి టర్ఫ్ దాకా

ఇంటర్నేషనల్ హాకీ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి సింథటిక్ టర్ఫ్ మీదే. తడిపిన టర్ఫ్ మీద బంతి జారుతూ నేరుగా వస్తుంది. మట్టి గ్రౌండ్‌లో గుంటకీ రాయికీ తగిలి ఎగురుతుంది. ఫీల్డ్ ప్లేయర్ ఎట్లాగో అలవాటు పడొచ్చు గానీ కీపర్‌కి ఇది మొత్తం వేరే చదువు. మట్టిలో కింద పడి జారలేరు, చర్మం లేచిపోతుంది, అందుకని నిలబడి కాలితో ఆపడమే నేర్చుకుంటారు. టర్ఫ్ మీద పక్కకి పడి పడుకుని ఆపడం, జారుతూ ముందుకొచ్చి ఫార్వర్డ్ కాళ్ల దగ్గర బంతి లాక్కోవడం లేకపోతే పని జరగదు. చిన్న వయసు దాటినాక టర్ఫ్ ఎక్కితే శరీరం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

ఒడిశా సుందర్‌గఢ్ జిల్లాలో బ్లాకుకో టర్ఫ్ వేసే పని పెట్టుకున్నారు, రూర్కెలాలో వరల్డ్ కప్ స్టేడియమే కట్టారు. హర్యానా షాహాబాద్‌లో ఒక్క ఊరి గ్రౌండ్ నుంచి రాణి రాంపాల్‌తో సహా ఎంతో మంది ఇండియా ప్లేయర్లు వచ్చారు. అక్కడ పిల్లలు సీనియర్లని చూస్తూ పెరుగుతారు, పక్కింటి అక్క ఇండియా ఆడిందంటే ఇంట్లో వాళ్లకి కూడా భయం తగ్గుతుంది. ఆంధ్రాలో హాకీ అంటే కాకినాడ పేరు వస్తుంది, 2023లో సీనియర్ విమెన్స్ నేషనల్స్ అక్కడే పెట్టారు. తిరుపతి నుంచి కాకినాడ అంటే రైల్లో ఒక రాత్రి ప్రయాణం. స్కూల్ పిల్లలు రోజూ ప్రాక్టీస్‌కి పోయే దూరం కాదు అది.

ఇక్కడి పద్ధతి ఏందంటే పీఈటీ సార్ లేదా మేడమ్ ఆసక్తి ఉంటే స్కూల్లో టీమ్ తయారవుతుంది, లేకపోతే లేదు. మండలం, జోనల్, జిల్లా, ఆపైన స్టేట్ ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలు, ఆ మెట్లలో ఎక్కడో ఎవరి కంటైనా పడితే స్పోర్ట్స్ హాస్టల్. కబడ్డీకి, ఖోఖోకి గీతలు గీస్తే చాలు, అందుకే మన పల్లె స్కూళ్లలో అవే ఎక్కువ. హాకీకి స్టిక్కులు కావాలి, కీపర్‌కి అయితే పూర్తి కిట్ కావాలి, ఇంటర్నేషనల్ క్వాలిటీ కిట్ లక్ష రూపాయల లెక్కలో ఉంటుంది. కిట్ లేని స్కూల్లో కీపర్ తయారవదు, ఎవరినో ఒకరిని మామూలు ప్యాడ్లతో నిలబెడతారు, మొదటి దెబ్బకే ఆ పిల్ల భయపడి పక్కకి పోతుంది. అటువంటి చోట నుంచి ఇండియా టీమ్ దాకా పోయిన కీపర్ కాబట్టే రజని దారిని మ్యాచ్‌ల సంఖ్యతో కొలవడం సరిపోదు.

డబ్బు ఎట్లా వస్తుంది, ఎప్పుడు వస్తుంది

హాకీలో క్రికెట్ లాగా బోర్డు కాంట్రాక్టులతో బతకడం లేదు. అమ్మాయిలకి అసలు ఆధారం స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, అందులోనూ రైల్వేస్. నేషనల్స్‌లో రైల్వేస్ టీమ్ దశాబ్దాలుగా గట్టిగా ఉండటానికి కారణం అదే, ఇండియా ఆడిన అమ్మాయిలు ఎక్కువ మంది అక్కడే చేరతారు. జీతం నెలనెలా వస్తుంది, ఆటకి సెలవు దొరుకుతుంది.

రెండోది ప్రభుత్వాల నజరానా. టోక్యో తర్వాత 2021 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జగన్ రజనికి 25 లక్షలు, తిరుపతిలో వెయ్యి గజాల స్థలం, నెలకి 40 వేల రూపాయలు ప్రకటించారు. అదే రోజు అంతకుముందు ప్రకటించి ఆగిపోయిన 67.5 లక్షల బకాయి కూడా ఇవ్వాలని చెప్పారు. ఈ రెండో అంకె గమనించాల్సింది. కొత్తగా ఇచ్చే నగదుకి పాత బాకీ రెండున్నర రెట్ల పైనే. నజరానా అనేది స్టేజీ మీద ప్రకటన రోజు వార్త అవుతుంది, ఫైలు ఏ టేబుల్ మీద ఉందో తర్వాత ఎవరూ చూడరు, పార్టీ ఏదైనా ఇదే జరుగుతూ వచ్చింది. కిట్, తిండి, ఫిజియో ఖర్చులు మాత్రం ఫైలు కదిలేదాకా ఆగవు. ప్లేయర్‌కి డబ్బు కావాల్సింది 22, 23 ఏళ్లప్పుడు, చేతికి వచ్చేది 30 దాటినాక.

2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త స్పోర్ట్స్ పాలసీ తెచ్చారు, ఒలింపిక్ గోల్డ్‌కి 7 కోట్లు, సిల్వర్‌కి 5, బ్రాంజ్‌కి 3 కోట్లు, ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. పెంచడం మంచిదే. అయితే ఇట్లాంటి లెక్క ఎక్కువగా మెడల్ మీద నడుస్తుంది, మెడల్ వచ్చే 16 మందిలో రెండో కీపర్ ఉండదని పైన చూశాం. బాకీ లేకుండా నెలనెలా వచ్చే చిన్న మొత్తం అయినా ఇట్లాంటి ప్లేయర్లకి కోట్ల ప్రకటన కంటే ఎక్కువ పనికొస్తుంది.

మూడోది లీగ్. విమెన్స్ హాకీ ఇండియా లీగ్ 2025 జనవరిలో రాంచీలో నాలుగు టీమ్స్‌తో మొదలైంది, ఢిల్లీ, ఒడిశా, బెంగాల్, సూర్మా. వేలంలో ఇండియా ప్లేయర్ ఉదితకి 32 లక్షలు, సవితకి 20 లక్షలు పలికింది. నాలుగు టీమ్స్ అంటే నలుగురు మెయిన్ కీపర్లు కావాలి, వాళ్లలో ఫారిన్ కీపర్లు కూడా ఉంటారు. నేషనల్ టీమ్‌లో ఒక్కటే ఉన్న సీటు ఇక్కడ కొంచెం పెరిగింది, టీమ్స్ పెరిగితే ఇంకా పెరుగుతుంది. ఇరవై ఏళ్ల కీపర్‌కి ఇప్పుడు ఇండియా టీమ్‌లో రెండో స్థానంలో ఉంటూనే లీగ్‌లో మెయిన్‌గా ఆడే దారి ఉంది. రజని వయసు వాళ్లకి అది బాగా లేటుగా వచ్చింది.

ఆట తర్వాత

శ్రీజేశ్ రిటైరైన వెంటనే జూనియర్ మెన్స్ టీమ్ కోచ్ అయ్యాడు. కీపర్లకి కోచింగ్ వైపు దారి సహజంగానే ఉంటుంది, ఆట మొత్తం ఎదురుగా చూసిన అలవాటు వల్ల. కానీ గోల్‌కీపింగ్ కోచ్ అనే ప్రత్యేక పోస్టు మన దేశంలో నేషనల్ టీమ్ దాకానే కనపడుతుంది, దానికి కూడా నెదర్లాండ్స్ నుంచి డెనిస్ వాన్ డి పోల్‌ని పిలిపించుకున్నారు. జిల్లా అకాడమీల్లో ఒక్క కోచే అందరికీ నేర్పుతాడు, ఫీల్డ్ ప్లేయర్లకి డ్రిల్ చెప్తూ కీపర్‌ని గోల్‌లో నిలబెట్టి వదిలేస్తాడు.

సవిత లాంటి కీపర్‌ని రోజూ పక్కనుంచి చూసి, ప్రపంచంలోని మంచి ఫ్లిక్కర్లని చదివి, ఫైవ్స్‌లో కెప్టెన్సీ చేసిన మనిషి తిరుపతి జిల్లాకి చెందింది. తెలుగులో చెప్పగల ఆ స్థాయి గోల్‌కీపింగ్ జ్ఞానం ఇంకెక్కడా దొరకడం కష్టం. దీన్ని వాడుకోవాలంటే పెద్ద స్టేడియమే అక్కర్లేదు. తిరుపతిలో ఏడాదికి రెండు కీపింగ్ క్యాంపులు, పిల్లల సైజు కిట్లు ఒక పది, వాటిని స్కూళ్లకి తిప్పి ఇచ్చే పద్ధతి, పీఈటీలకి కీపర్‌ని ఎట్లా మొదలుపెట్టించాలో రెండు రోజుల ట్రైనింగ్. మొదటి ఏడాది పిల్లలకి రబ్బరు బంతితో, తర్వాత అసలు బంతితో. సన్మానం శాలువాల ఖర్చుతో పోలిస్తే ఇది పెద్ద మొత్తం కాదు, 12 ఏళ్ల పిల్లలతో ఇప్పుడు మొదలుపెడితే వాళ్లు 2036 ఒలింపిక్స్ నాటికి ఇరవై దాటినవాళ్లు అవుతారు, కీపర్ ఆట పదునెక్కడం మొదలయ్యే వయసు అదే.